పక్క గుండీల ల్యాబ్ కోటు: కొన్న ప్యాటర్న్‌ను మార్చి కుట్టే పద్ధతి

నాటకంలోనో షార్ట్ ఫిల్మ్‌లోనో సైంటిస్టు పాత్ర ఉందంటే, చాలామంది యూనిఫాం షాపుకెళ్లి ఒక తెల్ల కోటు కొనేస్తారు. అది వేసుకున్న మనిషి ప్రాక్టికల్స్‌కి వచ్చిన బీఎస్సీ విద్యార్థిలా కనిపిస్తాడు. పాత్రకు కావలసిన కోటు వేరు. మెడ చుట్టూ నిలబడే పట్టీ కాలరు, భుజం మీద మొదలై ఒక పక్కగా కిందికి దిగే గుండీల వరస, మోకాలు దాటి ఊగే పొడవు ఉండాలి. అలాంటిది రెడీమేడ్‌లో దొరకడం కష్టం. మామూలు కోటు తెచ్చి విప్పి మార్చుదామన్నా కుదరదు. ఛాతీ మీదుగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వెళ్లే పొరకు సరిపడా బట్ట అందులో ఉండదు.

కాబట్టి కుట్టుకోవాల్సిందే. అలాగని మొదటి గీత నుంచీ డ్రాఫ్ట్ వేసుకోనక్కర్లేదు. మామూలు కోటు ప్యాటర్న్ (ఏ ముక్క ఏ ఆకారంలో కత్తిరించాలో కొలతల ప్రకారం గీసిన కాగితం) ఒకటి కొని, అందులో ముందు భాగమూ కాలరూ మాత్రం మార్చుకుంటే చాలు. వెనుక భాగం, చంక, చేయి ఈ మూడింటినీ ముట్టుకోకండి. ప్యాటర్న్‌కు మనం ఇచ్చే డబ్బంతా ఆ మూడింటికే. చంక వంపు, దానికి తగిన చేతి పైవంపు ఒకదానికొకటి సరిపోయేలా గీయడం చేయి తిరిగిన కటింగ్ మాస్టర్లకు కూడా ఓపిక పట్టాల్సిన పని. ముందు భాగం మార్చడం స్కేలూ పెన్సిలూ పట్టుకోగల ఎవరికైనా వస్తుంది.

ఈ పక్క గుండీల రూపం కేవలం వేషం కోసం పుట్టింది కాదు. బ్రిటన్‌లో సర్ జేమ్స్ హోవీ ఆధ్వర్యంలోని కమిటీ 1978లో క్లినికల్ ల్యాబులకు ఇన్ఫెక్షన్ జాగ్రత్తల నియమావళి ఇచ్చింది. ఆయన పేరు మీదే ఇలాంటి కోటును హోవీ కోటు అంటారు. మెడ దాకా మూసి ఉంటుంది, ఛాతీ మీద రెండు పొరలు ఉంటాయి, మణికట్టు దగ్గర చేయి బిగుతుగా ఉంటుంది, గట్టిగా లాగితే ఒక్కసారిగా ఊడొచ్చేలా పక్కన ప్రెస్ బటన్లు ఉంటాయి. మీద ఏదైనా చిందితే ఒంటికి తగలకూడదు, కోటు క్షణాల్లో విప్పేయగలగాలి, ఆ అవసరాల నుంచి వచ్చిన రూపం ఇది. దుస్తులు మార్చడానికి రెండు నిమిషాలు కూడా దొరకని స్టేజీ నటులకూ ఇదే పనికొస్తుంది.

ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. మనం కుట్టేది వేషం కోటు. పాలియెస్టర్ కలిసిన బట్ట మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఈ కోటు వేసుకుని నిజమైన కెమిస్ట్రీ ల్యాబులోకి ఎవరినీ పంపకండి.

ఏ ప్యాటర్న్ కొనాలి

కొలతల వారీగా సైజులు కట్టిన కాగితపు ప్యాటర్న్‌ల వ్యాపారం అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ 1863లో మొదలుపెట్టాడు. బటరిక్, మెక్‌కాల్స్, సింప్లిసిటీ, వోగ్ వీటిలో పేరున్న బ్రాండ్లు. విదేశాల్లో ఉన్నవాళ్లు కవరులో పల్చటి కాగితం ప్యాటర్న్ కొనుక్కోవచ్చు. మన ఊళ్లలో టైలర్లు కొలత తీసుకుని నేరుగా బట్ట మీదే గీస్తారు కనుక కాగితపు ప్యాటర్న్ అమ్మే షాపులు అరుదు. పీడీఎఫ్ కొనుక్కుని ప్రింటు తీసుకోవడమే సులువు. ఎ4 కాగితాలు అతికించే ఓపిక లేకపోతే, ఇళ్ల ప్లాన్లు ప్రింటు తీసే షాపులో ఎ0 సైజు అడగండి. ఎలా తీసినా 100 శాతం సైజులోనే రావాలి. పేజీ మీద పరీక్ష కోసం ఇచ్చిన చదరాన్ని స్కేలుతో కొలిచి చూసుకున్నాకే కత్తెర పట్టండి.

‘ల్యాబ్ కోటు’ అన్న పేరే ఉండాలని లేదు. నర్సుల కోటు, దుమ్ము పట్టకుండా వేసుకునే పని కోటు, వదులుగా ఉండే షర్టు డ్రెస్సు ఏదైనా పర్వాలేదు. చూడాల్సినవి వేరే. చేయి విడిగా కుట్టేదై ఉండాలి. భుజం కుట్టు సరిగ్గా భుజం మీదే ఉండాలి. ముందు భాగంలో డార్టులు (ఒంటి వంపు కోసం కోసుగా మడిచి వేసే కుట్లు) గానీ, ఛాతీ మీదుగా నిలువుగా దిగే కుట్టు గానీ ఉండకూడదు. పై పొర ఆ డార్టును సగంలో కోసుకుంటూ వెళ్తే ఆ చిక్కు విప్పడం ఈ పని కన్నా పెద్ద పని అవుతుంది. మెడ దగ్గర కోటు కాలరు ఉన్నా ఫరవాలేదు, తీసేద్దాం.

సైజు దగ్గర చాలామంది తడబడతారు. కవరు మీద రెండు రకాల అంకెలుంటాయి. ఒకటి ఒంటి కొలత, రెండోది కుట్టాక వచ్చే కోటు కొలత. చొక్కా మీద వేసుకునే కోటు కాబట్టి ఛాతీ చుట్టూ 6 నుంచి 8 అంగుళాల వదులు కావాలి. 38 ఛాతీ మనిషికి తయారైన కోటు 44 నుంచి 46 మధ్య రావాలి. ఛాతీ రెండు సైజుల మధ్య పడితే భుజం సరిపోయే సైజే తీసుకోండి. వెడల్పు తర్వాత పెంచుకోవచ్చు, భుజం సరిచేయడం కష్టం.

వెడల్పు పెంచాల్సి వస్తే వీపు మధ్యలో పెంచండి. అక్కడ ఒక అంగుళం కలిపి మెడ కింద చిన్న ప్లీటుగా మడిచేస్తే చంక కదలదు. పక్క కుట్టు దగ్గర పెంచితే చేతి అడుగు కుట్టులో కూడా సరిగ్గా అంతే పెంచాలి, లేకపోతే చేయి చంకలో కూర్చోదు.

చంక లోతు పెంచితే చేయి సులువుగా లేస్తుందని ఒక నమ్మకం ఉంది. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. చంక ఎంత కిందికి దిగితే, చేయెత్తినప్పుడు కోటు అంతగా పైకి లాక్కుపోతుంది. నటుడు చేయి పైకెత్తి పరీక్షనాళిక చూపించేసరికి కోటు అంచు మోకాలి పైకి వచ్చేస్తుంది. ఒంటికి దగ్గరగా, పైకి ఉన్న చంకే చేతికి స్వేచ్ఛనిస్తుంది. ప్యాటర్న్‌లో చంకను ముట్టుకోవద్దని అంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ముందు భాగం రెండు ముక్కలుగా

కొన్న ప్యాటర్న్‌ను నేరుగా కోయకండి. బ్రౌన్ పేపరు మీదికి గీసుకుని ఆ నకలు మీదే మార్పులు చేయండి. అమెరికా కంపెనీల ప్యాటర్న్‌లలో కుట్టు మార్జిన్ 5/8 అంగుళం కలిసే ఉంటుంది. యూరప్ ప్యాటర్న్‌లు కొన్నిటిలో అసలు ఉండదు. సూచనల కాగితంలో చూసుకుని, మార్జిన్ తీసేసి కుట్టు గీతలు మాత్రమే నకలు తీసుకోండి. మార్పులన్నీ అయ్యాక మార్జిన్ తిరిగి కలుపుదాం. మార్జిన్‌తో సహా గీస్తే ఏ గీత కుట్టుదో ఏ గీత కత్తెరదో మధ్యలో తేడా తెలియకుండా పోతుంది.

ఇక్కడి నుంచి నేను ‘ఎడమ’, ‘కుడి’ అన్నప్పుడల్లా అవి కోటు వేసుకున్న మనిషి ఎడమ కుడులు. మగవాళ్ల దుస్తుల్లో ఎడమ పొర పైన ఉంటుంది కాబట్టి ఆ పద్ధతిలోనే చెబుతున్నాను. గుండీల వరస కుడి ఛాతీ మీద పడుతుంది. ఆడవాళ్ల కోటుకు అన్నీ తిప్పుకోవడమే. నిజానికి నాటకానికైతే ఈ ఆనవాయితీని పక్కన పెట్టి, ఆ పాత్ర స్టేజీ మీద ఎక్కువసేపు ఏ భుజం ప్రేక్షకుల వైపు ఉంచి నిలబడుతుందో దర్శకుణ్ణి అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

ప్యాటర్న్ ముందు ముక్క మీద సెంటర్ ఫ్రంట్ అనే నిలువు గీత ఉంటుంది. కాజాల కోసం దాని అవతల అంగుళమో ఒకటిన్నరో ఎక్కువ బట్ట ఉంటుంది. మన లెక్కంతా ఆ మధ్య గీతతోనే. అవతలి భాగాన్ని వదిలేయండి.

కోటు కాలరు ఉన్న ప్యాటర్న్ అయితే ముందు మెడ గీయాలి. వెనుక ముక్క మీద మెడ సగం వెడల్పు కొలవండి, 3 అంగుళాలు వచ్చిందనుకుందాం. భుజం కుట్టు మెడ దగ్గర ముగిసే బిందువు నుంచి మధ్య గీత వైపు దిగాల్సిన లోతు దానికి పావు అంగుళం ఎక్కువ, అంటే 3 1/4. ఆ రెండు బిందువులనూ గుండ్రంగా కలపండి. వంపు మధ్య గీతను లంబంగా తాకాలి. కోసుగా తాకితే కోటు మెడ మధ్యలో మొన తేలుతుంది.

ఇప్పుడు పెద్ద కాగితాన్ని నిలువుగా మడిచి, మడతను మధ్య గీత మీద పెట్టి, ముందు ముక్కను రెండు వైపులా వచ్చేలా గీసి విప్పండి. రెండు భుజాలు, పూర్తి మెడ, రెండు పక్కలతో ఛాతీ మొత్తం మీ ఎదుట ఉంటుంది. కాగితం మీద ‘బట్ట పై వైపు’ అని రాయండి. మనిషి మనకు ఎదురుగా నిలబడ్డట్టు కనుక అతని కుడి మన ఎడమ చేతి వైపు వస్తుంది. అది కూడా పెద్ద అక్షరాలతో రాసుకోండి.

కుడి భుజం కుట్టు పొడవును సగం చేసి గుర్తు పెట్టండి. భుజం కుట్టు 5 1/2 అంగుళాలైతే, మెడ నుంచి 2 3/4 దగ్గర. ఆ గుర్తు నుంచి మధ్య గీతకు సమాంతరంగా కింది అంచు దాకా గీత దించండి. అదే పై పొర ముగిసే అంచు. మనం చెప్పుకున్న కొలతల్లో అది మధ్య గీత నుంచి 5 1/2 అంగుళాల పైచిలుకు దూరంలో ఉంటుంది, చంక వంపుకు రెండు అంగుళాల దాకా ఎడం ఉంటుంది. ఆ ఎడం ఒకటిన్నర కన్నా తగ్గితే అంచును మెడ వైపు జరపండి.

గీతను నడుము దగ్గర లోపలికి వాల్చితే అందంగా ఉంటుంది అనిపిస్తుంది. వాల్చవద్దని నా సలహా. నిలువు గీత బట్టలో పడుగు వెంట పోతుంది, సాగదు. వాలు గీత ఏటవాలు పోగుల మీద పడుతుంది, కుట్టేటప్పుడే సాగి అంచు అలలు తేలుతుంది. రెండు మూరలు దాటిన పొడవున్న అంచులో అలలు పడితే ఎంత ఇస్త్రీ చేసినా పోవు.

అలా వచ్చిన పై పొర ముక్క ఆకారం ఇది: ఎడమ పక్క కుట్టు, ఎడమ చంక, ఎడమ భుజం, పూర్తి ముందు మెడ, కుడి భుజంలో సగం, అక్కడ నుంచి నిలువుగా కింది అంచు దాకా. కుడి చంకా కుడి పక్క కుట్టూ ఇందులో ఉండవు.

కింది పొర ఇంకా సులువు. కుడి ముందు ముక్కను ఉన్నదున్నట్టు తీసుకుని, మధ్య గీత దాటి ఒక అంగుళం, దాని మీద మడతకు ముప్పావు అంగుళం కలపండి. ఒకే ఒక్క మార్పు, దీని మెడ వంపును పై పొర మెడ కన్నా పావు అంగుళం కిందికి దించండి. భుజం దగ్గర మాత్రం పాత బిందువులోనే కలవాలి. ఈ పావు అంగుళం లేకపోతే లోపలి పొర కాలరు కుట్టు పైకి తొంగిచూస్తుంది, మెడ దగ్గర మందంగా ఒత్తుకుంటుంది.

పొడవు మార్చాలంటే కింది అంచు దగ్గర కాకుండా ప్యాటర్న్ మీద ఇచ్చిన ‘పొడిగించు, కుదించు’ గీత దగ్గర మార్చండి. వెనుక ముక్కలోనూ అంతే మార్చాలి. అంచు దగ్గర కోస్తే కింది ఘేరా తగ్గిపోతుంది. మెడ వెనుక నుంచి 42 అంగుళాలు సగటు ఎత్తు మనిషికి మోకాలి దగ్గరికి వస్తుంది. వేషానికి ఇంకో రెండు మూడు అంగుళాలు కలపండి. గిరుక్కున తిరిగినప్పుడు కోటు ఆలస్యంగా తిరగడంలోనే ఈ వేషం అందమంతా ఉంది. దాని కోసం వెనుక మధ్య కుట్టులో నడుము కింద నుంచి చీలిక ఉంచండి.

కాలరు

మామూలు పట్టీ కాలరు గొంతు దగ్గర తెరుచుకుంటుంది. మన కోటు కుడి భుజం దగ్గర తెరుచుకుంటుంది కనుక కాలరు కూడా అక్కడే తెరుచుకోవాలి. అంటే కాలరు కుడి భుజం వెనుక మొదలై, వీపు వైపు మెడంతా చుట్టి, ఎడమ భుజం దాటి, గొంతు మీదుగా తిరిగి కుడి భుజం దగ్గరికి వస్తుంది. కింది పొరకు కాలరు ఉండదు.

మెడ కొలవడానికి టేపును పడుకోబెట్టకండి. అంచు మీద నిలబెట్టి, కుట్టు గీత వెంట వంచుకుంటూ పోవాలి. వెనుక సగం మెడ 3 1/2, ముందు సగం మెడ 5 అంగుళాలు వచ్చాయనుకుందాం. సగం కాలరు పొడవు 8 1/2. అంత పొడవు, 1 3/4 అంగుళాల ఎత్తుతో దీర్ఘచతురస్రం గీయండి. వెనుక మధ్య వైపు మూడో వంతు అడుగు గీతను తిన్నగా ఉంచి, అక్కడ నుంచి ముందు చివర అర అంగుళం పైకి లేచేలా వంపు తిప్పండి. పై గీత కూడా అదే వంపులో. ముందు చివర గీత వంపుకు లంబంగా ఉండాలి. ఇది తప్పితే తర్వాతి మెట్టు పొసగదు.

ఇప్పుడు ఈ సగం కాలరు నుంచి పూర్తి కాలరు కట్టాలి. సగం ముక్కను గీసి, దాని ముందు చివర దగ్గర తిప్పి అద్దంలో నీడలా ఇంకో ముందు భాగం, 5 అంగుళాలు, గీయండి. వెనుక చివర దగ్గర కూడా తిప్పి కుడి భుజం దాకా 3 1/2 అంగుళాలు గీయండి. ఆ వెనుక చివరకు టిచ్ బటన్ కోసం ఒక అంగుళం కలపండి. మొత్తం 18 అంగుళాల వంకర పట్టీ వస్తుంది. వెనుక మధ్య, ఎడమ భుజం, ముందు మధ్య మూడు చోట్లా గాట్లు గుర్తు పెట్టండి. ఎత్తు 2 అంగుళాల దాకా పెంచుకోవచ్చు, అంతకు మించితే పొట్టి మెడ మనిషి గడ్డం ఎత్తుకునే ఉండాలి.

పాత దుప్పటితో ఒక నమూనా

ఇది దాటేయాలనిపించే మెట్టు, దాటేయకూడని మెట్టు. పాత దుప్పటో పంచో తీసుకుని వెనుక ముక్క, రెండు ముందు ముక్కలు, ఒక చేయి మాత్రం కత్తిరించి మిషన్ మీద పెద్ద కుట్టు వేయండి. జేబులూ మడతలూ అక్కర్లేదు. మనిషి లోపల వేసుకోబోయే చొక్కాతోనే వేయించి చూడండి. పై పొర అంచు భుజం నుంచి నేల వైపు తిన్నగా దిగుతుందా, నడుము దగ్గర పక్కకు లాగుతోందా? లాగితే తుంటి దగ్గర వదులు చాలలేదని అర్థం. కూర్చోమనండి, చేతులెత్తమనండి, వంగి నేల మీది వస్తువు తీయమనండి. మెడ దగ్గర రెండు వేళ్లు దూరాలి. నమూనా మీద పెన్నుతో గీసిన ప్రతి దిద్దుబాటునూ కాగితం మీదికి ఎక్కించండి. ఆ తర్వాతే మార్జిన్లు కలపండి: పక్కలకూ భుజాలకూ 5/8, మెడకూ కాలరుకూ పై పొర అంచుకూ 3/8, కింద 2 అంగుళాలు.

బట్ట

యూనిఫాం బట్టలమ్మే షాపులో తెల్ల టెర్రికాటన్ (నూలూ పాలియెస్టరూ కలిసిన) డ్రిల్, అంటే ఏటవాలు నేత ఉన్న గట్టి బట్ట, అడగండి. సికింద్రాబాద్ జనరల్ బజారులో గానీ విజయవాడ వస్త్రలతలో గానీ తిరిగితే రకరకాల మందాల్లో కనిపిస్తుంది. జీఎస్‌ఎం (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాముల బరువో చెప్పే అంకె) తెలిస్తే 180 నుంచి 220 మధ్య తీసుకోండి. తెలియకపోతే ఒంటి పొర కింద చేయి పెట్టి చూడండి, వేళ్ల మధ్య సందులు కనిపిస్తే స్టేజీ లైట్లలో లోపలి చొక్కా రంగంతా కనిపిస్తుంది. పాప్లిన్ పల్చన, ఊగదు. జీన్స్ మందం బట్ట మెడ దగ్గర కుట్టడానికి మొండికేస్తుంది.

38 ఛాతీకి 58 పన్నాలో దాదాపు 3 1/4 మీటర్లు, 44 పన్నాలో 4 మీటర్లు కావాలి. ప్యాటర్న్ కవరు మీద రాసిన కొలతను నమ్మకండి, అది మామూలు ముందు భాగానికి వేసిన లెక్క. మీ ముక్కలన్నీ నేల మీద పన్నా వెడల్పులో పరిచి చూసుకుని వెళ్లండి.

కొన్న బట్టను ముందు తడిపి ఆరేసి ఇస్త్రీ చేయాలి. నూలు కలిసిన బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, కుట్టాక కుంచించుకుపోతే ఏమీ చేయలేం.

తెలుపు గురించి ఒక మాట. కెమెరా ముందు తళతళలాడే తెలుపు మొహాన్ని మింగేస్తుంది, మడతల నీడలు కూడా కనపడకుండా పోతాయి. సినిమా వాళ్లు తెల్ల బట్టను టీ డికాక్షన్‌లో ముంచి ఆ మెరుపును కాస్త చంపుతారు. ఇంట్లోనూ చేయొచ్చు. పల్చటి డికాక్షన్ వడకట్టి, ముందు ఒక చిన్న ముక్క ముంచి, ఆరాక చూసుకుని, తర్వాత బట్ట మొత్తం ఒకేసారి ముంచండి. కత్తిరించక ముందే చేయాలి, ఒక్కో ముక్కా ఒక్కోసారి ముంచితే కాలరు ఒక రంగు, చేతులు ఒక రంగు అవుతాయి. పాలియెస్టర్ పోగు టీని పట్టుకోదు కాబట్టి టెర్రికాటన్‌కు లేత ఛాయే వస్తుంది, అదే చాలు. నీలి కాంతిలో కోటు మెరవాలనే సన్నివేశం ఉంటే ఈ పని చేయకండి. మిల్లు తెలుపులో ఉండే రసాయనమే అల్ట్రావయొలెట్ వెలుగులో మెరుస్తుంది.

కత్తిరింపు

అలవాటుగా బట్టను రెండు మడతలు వేస్తాం. వెనుక ముక్కలకూ చేతులకూ అది సరే. ముందు ముక్కలు రెండూ వేర్వేరు కాబట్టి వాటికి బట్టను ఒంటి పొరగా, పై వైపు పైకి ఉండేలా పరిచి, కాగితం రాత పైకి ఉంచి కోయాలి. పై పొర అంచుకు లోపల వేసే 3 అంగుళాల పట్టీని, అంటే భుజం సగమూ నిలువు అంచూ కలిసిన ఆకారాన్ని, కాగితం బోర్లించి కోయాలి. రెండు పై వైపులూ ఎదురెదురుగా పెట్టి కుట్టాలి కదా. కాలరు రెండు పొరల్లో బయటిది రాత పైకి, లోపలిది బోర్లించి. డ్రిల్‌లో ఏటవాలు చారలు పై వైపు స్పష్టంగా కనిపిస్తాయి, వాటిని చూసుకుంటే తికమక పడరు. కోసిన ప్రతి ముక్క లోపలి వైపు చాక్‌పీసుతో గుర్తు వేయండి.

కుట్టు వరస

డ్రిల్‌కు 14 నంబరు సూది, పొరలు ఎక్కువైన చోట 16. ముందు పేస్టింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కుని బట్టను బిగువుగా ఉంచే లోపలి పొర) అతికించండి: కాలరు బయటి పొరకు, పై పొర లోపలి పట్టీకి, కింది పొర మీద గుండీలు పడే చోట ఒక సన్నటి పట్టీకి. మందమైన బక్రం వేస్తే కాలరు మెడను కోస్తుంది, నేసిన రకం పేస్టింగ్ చాలు.

వెనుక మధ్య కుట్టు, చీలిక పూర్తి చేయండి. కింది పొర మధ్య అంచును మడిచి కుట్టి, దాని మెడకు క్రాస్ పట్టీ (ఏటవాలుగా కత్తిరించిన సన్న పట్టీ) వేసి లోపలికి తిప్పేయండి. ఇది భుజం కలపక ముందే జరగాలి. అప్పుడు పట్టీ చివర భుజం కుట్టులో దాగిపోతుంది.

పై పొర అంచు దగ్గర కాస్త నిదానించండి. లోపలి పట్టీని పై వైపులు కలిపి పెట్టి, మెడ కుట్టు గీత దగ్గర మొదలుపెట్టి, కుడి భుజం సగం వెంట కుట్టుకుంటూ మూలకు వచ్చాక సూదిని బట్టలో దించి ఉంచి పాదం ఎత్తి బట్ట తిప్పాలి. మూలకు అటూ ఇటూ అంగుళం మేర కుట్టు చిన్నది చేయండి. మూలలో మార్జిన్‌ను కోసుగా కత్తిరించి, పట్టీ వైపు మార్జిన్‌ను మాత్రం సగానికి తగ్గించి తిప్పండి. కత్తెర మొనతో మూల పొడవకండి, గుచ్చుకుపోతుంది. మొద్దు పెన్సిలుతో నెమ్మదిగా తోయండి. ఇస్త్రీ చేసేటప్పుడు కుట్టు గీత వెంట్రుక వాసి లోపలి వైపుకి ఉండేలా నొక్కితే పట్టీ బయటికి కనపడదు. అంచుకు పావు అంగుళం లోపల పై కుట్టు వేయండి.

తర్వాత భుజాలు. ఎడమ భుజంలో వెనుక ముక్కకు పై పొర, కుడి భుజంలో వెనుక ముక్కకు కింది పొర కలుస్తాయి. పై పొర కుడి సగం గాల్లో వేలాడుతూ ఉంటుంది, కంగారు పడకండి, అది అలాగే ఉండాలి.

కాలరు రెండు పొరలను పై అంచూ రెండు చివర్లూ కుట్టి తిప్పండి. మెడకు ఎక్కించేటప్పుడు కుడి భుజం కుట్టు దగ్గర, అదనపు అంగుళం బయటికి వదిలి మొదలుపెట్టి, గాట్లు కలుపుకుంటూ పై పొర చివర దాకా రండి. మెడ మార్జిన్‌లో అర అంగుళానికొకటి చిన్న గాట్లు పెట్టకపోతే వంపు తిరగదు. కాలరు పొట్టిదైనట్టు అనిపిస్తే లాగి కుట్టకండి. విప్పి, మెడ మార్జిన్‌లో గాట్లు ఇంకొంచెం లోతుగా పెట్టండి, చాలాసార్లు అక్కడే ఆ తేడా ఉంటుంది.

చేతి పైవంపు చంక కన్నా అంగుళం, అంగుళంన్నర పొడవుంటుంది. గాట్ల మధ్య రెండు వరసల పెద్ద కుట్టు వేసి దారం లాగితే ఆ పొడవు సర్దుకుంటుంది. కుచ్చులు కనపడకూడదు. ఆవిరి ఇస్త్రీతో వంపు సర్ది, కచ్చా కుట్టు వేసి చూసుకుని, అప్పుడు మిషన్ మీద కుట్టండి. తర్వాత చేతి అడుగూ పక్కా ఒకే వరసలో.

జేబులు, గుండీలు

పక్క గుండీల కోటులో జేబుల చోటు మారుతుంది, దీన్ని ప్యాటర్న్‌లో ఎవరూ చెప్పరు. కుడి వైపు పై పొర అంచు నుంచి పక్క కుట్టు దాకా 6 అంగుళాలు మాత్రమే మిగులుతుంది. మామూలు 7 అంగుళాల జేబు అక్కడ పట్టదు. 6 అంగుళాల వెడల్పు జేబు చేసి, పక్క కుట్టు దాటి వెనక్కి అంగుళంన్నర పోయేలా పెట్టండి. ఎడమ వైపు కూడా అంతే జరపాలి, లేకపోతే కోటు ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. అందుకే పెద్ద జేబులు పక్క కుట్టు అయ్యాక కుట్టాలి. ఛాతీ జేబు ఎడమ వైపు, 4 1/2 వెడల్పు, 5 1/2 ఎత్తు. పెన్నులు బరువుగా పెట్టే పాత్రయితే జేబు వెనుక చిన్న పేస్టింగ్ ముక్క అతికించండి.

గుండీ గీత పై పొర అంచుకు ముప్పావు అంగుళం లోపల. అంగుళం వ్యాసం గుండీలు దూరం నుంచి బాగా కనిపిస్తాయి. భుజం మీద రెండు, నిలువు గీతలో నాలుగున్నర అంగుళాల ఎడంతో ఐదు. వాటిలో ఒకటి కచ్చితంగా ఛాతీ అతి వెడల్పైన చోట పడాలి, మిగతావి దాని నుంచి పైకీ కిందికీ లెక్క వేయండి. చివరి గుండీ తుంటి దగ్గర ఆగిపోవాలి. కిందికి దించితే నడకలో కోటు విప్పారదు.

నిజం కాజాలు వేయాలా, లోపల ప్రెస్ బటన్లు పెట్టి పైన గుండీలు అలంకారంగా కుట్టాలా? సన్నివేశాల మధ్య దుస్తులు మార్చాల్సిన నాటకానికి రెండోదే సరైనది. గుండీని ప్రెస్ బటన్ మీదే కుడితే లాగినప్పుడు రెండూ కలిసి బట్టను చింపుతాయి, పక్కన పావు అంగుళం ఎడంగా పెట్టండి. కెమెరా దగ్గరికి వచ్చి గుండీ పెట్టుకోవడం చూపించే షాటు ఉంటే కాజాలే కావాలి. కాజా పొడవు గుండీ వ్యాసానికి దాని మందం కలిపినంత. లాగుడంతా అడ్డంగా ఉంటుంది కాబట్టి నిలువు గీతలోని కాజాలు అడ్డంగా కోయించండి, భుజం మీదివి భుజం కుట్టుకు లంబంగా. ఇంటి మిషన్ మీద డ్రిల్ మూడు పొరలకు కాజా సరిగా రాకపోతే, కాజాలు వేసే షాపులో గుర్తులు పెట్టి ఇవ్వండి. అక్కడ కూడా ముందు ఒక వృథా ముక్క మీద, అదే పొరలతో, ఒక కాజా వేయించి గుండీ దూర్చి చూశాకే కోటు చేతికివ్వండి.

కాలరు చివర అదనపు అంగుళానికి టిచ్ బటన్లు రెండు, పైన ఒకటి కింద ఒకటి. ఒకటే పెడితే కాలరు చివర వంగుతుంది. కింది అంచు మడత అన్నిటికన్నా చివర వేయాలి. కోటును ఒక రాత్రి హ్యాంగరుకు వేలాడదీసి, పై పొరా కింది పొరా ఎంత దిగాయో చూసి, మనిషికి వేయించి నేల నుంచి స్కేలుతో కొలిచి గుర్తు పెట్టండి. కింది పొరను పై పొర కన్నా అర అంగుళం పొట్టిగా మడిస్తే నడకలో అది ఎప్పుడూ బయటికి కనపడదు.